పిలుపు ముందు, ఆజ్ఞ తర్వాత

మార్కాంషియా పేలియేసియా అనే చిన్న మొక్కకు వేరు లేదు, కాండం లేదు, కొమ్మ లేదు, పువ్వు లేదు. తడినేలను అంటిపెట్టుకుని పచ్చగా పాకుతుంది, అంతే. వృక్షశాస్త్రంలో దీని వర్గాన్ని లివర్‌వర్టులు అంటారు. జపాన్‌లో తొహోకు విశ్వవిద్యాలయానికి చెందిన జుంకో క్యోజుకా, ఆమె సహచరులు 2022లో ఈ మొక్కలో ఒక రసాయనాన్ని గుర్తించారు. దానికి బ్రయోసింబియాల్ అని పేరు పెట్టారు. అది స్ట్రైగోలాక్టోన్ల కుటుంబంలోది. వరిలో, బఠాణీలో ఈ కుటుంబం చేసే పని తెలిసిందే: పిలకలు, పక్కకొమ్మలు మరీ ఎక్కువగా రాకుండా ఆపే హార్మోన్లు ఇవి. మరి కొమ్మలే లేని మొక్క, కొమ్మల్ని ఆపే పదార్థాన్ని ఎందుకు తయారు చేసుకుంటోంది?

మొక్కల హార్మోన్ల గురించి మనకు కాలేజీలో చెప్పింది ఒక పట్టిక. ఆక్సిన్ పొడవు పెంచుతుంది, సైటోకైనిన్ కణాల్ని విభజింపజేస్తుంది, జిబ్బరెల్లిన్ కాండాన్ని సాగదీస్తుంది, ఇథిలీన్ కాయను పండిస్తుంది, అబ్సిసిక్ ఆమ్లం ఆకు రంధ్రాల్ని మూస్తుంది. పరీక్షలో మార్కులు తెచ్చుకోవడానికి ఆ పట్టిక చాలు. కానీ అది చదివినవాళ్ళకు ఒక అపోహ మిగులుతుంది: ప్రకృతి ఒక్కో పనికి ఒక్కో హార్మోను చేసి పెట్టిందని. జరిగింది అది కాదు. నీటిలోంచి నేల మీదికి వచ్చిన మొక్కలు తమ హార్మోన్ల వ్యవస్థను, పాత ఇంటి దూలాలు, ద్వారబంధాలు పట్టుకొచ్చి కొత్త ఇల్లు కట్టుకున్నట్టు కట్టుకున్నాయి. సందేశం మోసే పదార్థానికి అంతకు ముందు వేరే పని ఉండేది. ఆ సందేశాన్ని అందుకునే ప్రోటీన్‌కూ వేరే పని ఉండేది. ఈ రెండూ ఎక్కడో కలిశాయి. ఆ కలయిక ఎలా జరిగిందో దాదాపు అడుగడుగునా చూపించగలిగేది స్ట్రైగోలాక్టోన్ల కథ. అందుకే ఎక్కువసేపు దానితోనే ఉందాం.

కథ ఒక కలుపు దగ్గర మొదలైంది. జొన్న చేలో పైరు నీరు ఉన్నా వాడిపోయి, పసుపుబారి, ఎదుగుదల ఆగి నిలబడితే, కొన్నాళ్ళకు దాని మొదట్లోంచి చిన్న మొక్కలు పైకి వస్తాయి. రైతులు దాన్ని జొన్న మల్లె అంటారు. పేరు మల్లె అయినా అది చేసేది దొంగతనం. వృక్షశాస్త్రంలో దాని పేరు స్ట్రైగా. మన దగ్గరిది ఎక్కువగా స్ట్రైగా ఏషియాటికా, ఆఫ్రికాలో జొన్న, మొక్కజొన్న, సజ్జ రైతుల్ని ముంచుతున్నది స్ట్రైగా హెర్మాంథికా. దాని విత్తనం మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటే ఎక్కువ. అంత గింజలో మొలకకు తిండి ఎంత ఉంటుంది? మొలిచిన కొద్ది రోజుల్లోనే వేరే మొక్క వేరును పట్టుకోకపోతే చావే. అందుకని ఆ విత్తనం తొందరపడదు. పదేళ్ళకు పైగా మట్టిలో కాచుకుని కూర్చోగలదు. పక్కనే ఒక వేరు పెరుగుతోందని రుజువు దొరికాకే మొలుస్తుంది.

ఆ రుజువు ఏమిటో తేల్చాల్సిన అవసరం అమెరికాకు వచ్చింది. 1956లో ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల మొక్కజొన్న చేలలో స్ట్రైగా కనిపించింది. చివరికి అది నాలుగు లక్షల ఎకరాలకు పైగా పాకింది. దాన్ని వదిలించుకోవడానికి అక్కడ వాడిన ఉపాయాల్లో ఒకటి మట్టిలోకి ఇథిలీన్ వాయువు ఎక్కించడం. ఆ వాయువు తగిలితే పంట లేకుండానే విత్తనాలు మొలిచి, పట్టుకోవడానికి వేరు దొరక్క చచ్చిపోతాయి. మరోవైపు, వేళ్ళ నుంచి వచ్చే అసలు సంకేతం కోసం రసాయన శాస్త్రవేత్తలు వెతికారు. 1966లో పత్తి వేళ్ళు వదిలిన ద్రవం నుంచి ఒక పదార్థాన్ని వేరు చేసి స్ట్రైగాల్ అని పేరు పెట్టారు. ఆ బృందంలో మన్రో వాల్ కూడా ఉన్నాడు. క్యాన్సర్ మందు టాక్సాల్‌ను తర్వాత మన్సుఖ్ వానీతో కలిసి కనిపెట్టింది ఆయనే. మొక్కల రసాయనాలను వెలికితీయడంలో అంత చేయి తిరిగిన మనిషి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. స్ట్రైగాల్ దొరికింది పత్తిలో. స్ట్రైగా పత్తిని పట్టదు, పట్టలేదు. అంటే పరాన్నజీవి పట్టే మొక్కే కాదు, పట్టని మొక్క కూడా ఈ పదార్థాన్ని మట్టిలోకి వదులుతోంది. తనను పీల్చి చంపే శత్రువుకు తానే కబురు పంపే మొక్కను ప్రకృతి వరణం ఎప్పుడో ఏరిపారేయాలి కదా. ఏరలేదంటే ఆ కబురు అసలు గమ్యం వేరే ఎక్కడో ఉండాలి. అది ఎక్కడో తెలియడానికి 39 ఏళ్ళు పట్టింది.

2005లో ఒసాకాకు చెందిన కోహ్కి అకియామా బృందం జవాబు పట్టుకుంది. మొక్కల వేళ్ళలో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రాలు ఉన్నాయి. వాటి సన్నని పోగులు వేళ్ళు చేరలేని మట్టిలోకి పాకి, భాస్వరం తెచ్చి మొక్కకు ఇస్తాయి. బదులుగా మొక్క చక్కెరలు, కొవ్వులు ఇస్తుంది. వేరు దగ్గర్లోకి రాగానే ఆ పోగులు ఒక్కసారిగా కొమ్మలు కొమ్మలుగా చీలుతాయి. వాటిని అలా చీల్చేది ఏమిటని వెతికితే తేలింది స్ట్రైగోలాక్టోనే. భాస్వరం తక్కువైన నేలలో మొక్క దీన్ని మరింత ఎక్కువగా వదులుతుందని ఆ తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఆకలేసిన మొక్క సాయం కోసం పిలుస్తోంది. ఆ పిలుపును స్ట్రైగా చాటుగా వింటోంది. మల్లె పోటు బీద నేలల్లో ఎక్కువగా ఉంటుందని రైతులు చెప్పేదానికి వెనకున్న కారణాల్లో ఇదొకటి.

మూడేళ్ళ తర్వాత, 2008 సెప్టెంబరులో, నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు పత్రాలు అచ్చువేసింది. ఒకటి ఫ్రాన్స్ శాస్త్రవేత్తల నేతృత్వంలోది, బఠాణీ మీద. రెండోది జపాన్ వాళ్ళది, వరి మీద. మొక్కలో పుట్టి, పక్కకొమ్మల్ని అణిచే హార్మోను ఒకటి ఉందని అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే అంటుకట్టిన బఠాణీ మొక్కలతో చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి, కానీ అదేమిటో చేతికి చిక్కలేదు. ఈ రెండు పత్రాలూ చెప్పింది ఒకటే: అది స్ట్రైగోలాక్టోన్. దీన్ని తయారు చేసుకోలేని వరి మొక్క పొట్టిగా ఉండి, గుబురుగా, లెక్కకు మించి పిలకలు పెడుతుంది. బయటి నుంచి ఆ పదార్థం ఇస్తే పిలకలు తగ్గుతాయి.

అలా చూస్తే మొక్క తీరు భలే పొందికగా ఉంది. భాస్వరం కరువైనప్పుడు ఒకే పదార్థం బయటికి వెళ్ళి శిలీంధ్రాన్ని పిలుస్తుంది, లోపల ఉండి పిలకల్ని ఆపుతుంది. ఉన్న కాస్త సరుకుతో కొత్త సంసారాలు పెట్టొద్దని ఆజ్ఞ. మరి ఈ రెండింటిలో ఏది ముందు? పిలుపా, ఆజ్ఞా?

స్కాట్లండ్‌లో రైనీ అనే ఊరి దగ్గర రాళ్ళలో సుమారు 40 కోట్ల 70 లక్షల ఏళ్ళ నాటి మొక్కలు కణాలతో సహా రాయిగా మారి నిలిచిపోయాయి. వాటిలో అగ్లావోఫైటాన్ అనే మొక్కకు నిజమైన వేళ్ళు లేవు. కానీ దాని కణాల్లో మైకోరైజా శిలీంధ్రపు గుబురు పోగులు స్పష్టంగా కనిపిస్తాయని 1994లో ప్రకటించారు. వేళ్ళు పుట్టకముందే ఈ స్నేహం ఉందన్నమాట. ఆ కాలపు మొక్కలో కణజాలాన్ని చూడగలం గానీ అది వదిలిన రసాయనాన్ని చూడలేం. అందుకే లివర్‌వర్టుల మీదికి దృష్టి మళ్ళింది. నేల మొక్కల వంశవృక్షంలో మొదట్లోనే విడిపోయిన శాఖ వాటిది. ఆ శాఖకూ మనం పండించే మొక్కలకూ ఉమ్మడిగా ఉన్నదేదైనా తొలి నేల మొక్కలకు కూడా ఉండి ఉంటుందని అంచనా వేయవచ్చు.

మొదట చెప్పిన పేలియేసియా దగ్గర క్యోజుకా బృందం చేసింది ఇదే. స్ట్రైగోలాక్టోన్ తయారు చేసే జన్యువుల్ని దానిలో చెడగొట్టారు. మొక్క ఆకారంలో, ఎదుగుదలలో తేడా ఏమీ రాలేదు. కానీ మైకోరైజా శిలీంధ్రం దానిలోకి రావడం మానేసింది. అంటే ఆ మొక్కకు ఇది హార్మోను కాదు, కేవలం పిలుపు. దానికి దగ్గర బంధువైన మార్కాంషియా పాలిమార్ఫా ఎప్పుడో మైకోరైజాతో పొత్తు వదులుకుంది. దాంతోపాటే స్ట్రైగోలాక్టోన్ తయారుచేసే జన్యువుల్నీ పోగొట్టుకుంది. ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం పరిణామ శాస్త్రంలో అరుదుగా దొరుకుతుంది: పిలవాల్సిన అతిథి లేనప్పుడు పిలుపు కూడా పోయింది. పిలుపు ముందు, ఆజ్ఞ తర్వాత.

ఇక ఆజ్ఞను వినేవారి సంగతి. వరిలో స్ట్రైగోలాక్టోన్‌ను పట్టుకునే ప్రోటీన్ పేరు డీ14. దాని ముఖకవళికలు చూస్తే వంశం తెలిసిపోతుంది. అణువుల్ని తుంచే ఎంజైముల కుటుంబంలోది అది. ఇప్పటికీ ఆ పాత అలవాటు వదల్లేదు, అందుకున్న హార్మోనును అందుకుంటూనే తుంచేస్తుంది. సాధారణంగా హార్మోను గ్రాహకాలు సందేశాన్ని వింటాయి, వదిలేస్తాయి. ఇది ఉత్తరం చదువుతూ చదువుతూ చించేసే రకం.

డీ14కు అన్న వరస అయ్యే ప్రోటీన్ ఒకటుంది, కేఏఐ2. అది పాతది. నేల మొక్కల్లో అన్ని శాఖల్లోనూ ఉంది. దాని గురించి తెలిసిన తీరు కూడా విచిత్రమే. ఆస్ట్రేలియాలో అడవి కాలిన తర్వాత పొగ సోకిన నేలలో విత్తనాలు ఒక్కసారిగా మొలుస్తాయి. ఆ పొగలోంచి విత్తనాన్ని లేపే పదార్థాన్ని 2004లో పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం వాళ్ళు వేరు చేశారు. అలాంటి పదార్థాలకు తర్వాత కారికిన్లు అని పేరు వచ్చింది. దాన్ని వినేది కేఏఐ2. అయితే నిప్పుతో ఏ సంబంధమూ లేని మొక్కల్లోనూ కేఏఐ2 ఉంది, అది చెడిపోతే విత్తనం మొలకెత్తే తీరు, మొలక వెలుతురుకు స్పందించే తీరు దెబ్బతింటాయి. కాబట్టి మొక్క లోపలే దానికోసం పుట్టే సంకేతం ఒకటి ఉండి ఉంటుందని శాస్త్రవేత్తల నమ్మకం. ఆ అణువు కోసం వేట ఇంకా సాగుతూనే ఉంది.

ఇప్పుడు ముక్కలు కలపండి. కేఏఐ2 జన్యువు ఎప్పుడో రెండు ప్రతులయింది. జన్యువు రెండయినప్పుడు ఒకటి పాత పని చేస్తూంటే రెండోదానికి కాస్త స్వేచ్ఛ దొరుకుతుంది. ఆ రెండోది మారి మారి, మొక్క అప్పటికే శిలీంధ్రం కోసం తయారు చేసుకుంటున్న స్ట్రైగోలాక్టోన్ పట్టేలా తయారైంది. అదే డీ14. ఇంత వరకు బయటివాళ్ళ కోసం వేసిన పిలుపును ఇంట్లోవాళ్ళే వినడం మొదలైంది. మాస్ మొక్కల్లో కూడా స్ట్రైగోలాక్టోన్‌కు స్పందన ఉంది. ఫిస్కోమైట్రియం అనే మాస్ దాన్ని ఉపయోగించి తన గుంపు మరీ విస్తరించకుండా చూసుకుంటుంది. కానీ దానికి డీ14 లేదు, కేఏఐ2కే అయిన వేరే ప్రతులతో ఆ పని నడిపించుకుంటోంది. ఒకే గమ్యానికి వేరు దారి.

మూడో దారి స్ట్రైగాది. దాని పూర్వీకుల్లో కేఏఐ2 ప్రతులు చాలా అయ్యాయి, స్ట్రైగా హెర్మాంథికాలో పదకొండు జన్యువులున్నాయి. వాటిలో కొన్ని మళ్ళీ స్వతంత్రంగా స్ట్రైగోలాక్టోన్‌ను పట్టడం నేర్చాయి. 2015లో ఒకే ఏడు సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలు దీన్ని తేల్చాయి. వాటిలో ఒక ప్రోటీన్ చెవి ఎంత పదునంటే, దాన్ని అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో పెట్టగానే ఆ మొక్క విత్తనం కూడా పికోమోలార్ మోతాదులకు స్పందించింది. అంటే లీటరు నీటిలో ఒక గ్రాములో వందకోట్ల వంతు కన్నా తక్కువ పదార్థం ఉన్నా వినగలదు. మొక్క డీ14తో తనకు తాను ఆజ్ఞ ఇచ్చుకుంది, దొంగ అదే ఇంటి మరో దూలంతో నిచ్చెన కట్టుకున్నాడు.

మిగతా హార్మోన్ల కథల్లోనూ ఈ ధోరణి కనిపిస్తుంది గానీ ఇంత వివరంగా దొరకదు. అబ్సిసిక్ ఆమ్లం తీసుకోండి. ఎండలో నీరు ఆపుకోవడానికి మొక్క వాడే ప్రధాన సంకేతం అది, కాబట్టి నేల మీదికి రావడంతోనే పుట్టిందనుకుంటాం. దాన్ని వినే ప్రోటీన్ల బంధువులు మన విద్యార్థులు డ్రాయింగ్ వేసే స్పైరోగైరా వర్గంలోని మంచినీటి శైవలాల్లో కూడా ఉన్నాయి. 2019లో ఆ వర్గానికే చెందిన జైగ్నీమా మీద చేసిన ప్రయోగంలో, ఆ ప్రోటీన్ అబ్సిసిక్ ఆమ్లంతో పని లేకుండానే తన పని చేసుకుపోతోందని తేలింది. చెవి ముందు వచ్చింది, మాట వినడం తర్వాత. జాస్మోనేట్ల విషయంలో ఇంకా సున్నితమైన మార్పు ఉంది. పురుగు కొరికినప్పుడు పూసే మొక్కలు వినే జాస్మోనేట్ అణువు ఒకటి, లివర్‌వర్టులు వినేది దానికి ముందుదశలో ఉండే అణువు. గ్రాహకం దాదాపు ఒకటే. మాడ్రిడ్‌లో రొబెర్తో సొలానో బృందం 2018లో చూపించిందేమిటంటే, గ్రాహకంలో ఒక్క అమినో ఆమ్లం తేడా చాలు ఏ అణువును వినాలో మారిపోవడానికి. ఆక్సిన్ సంగతి చెప్పడానికి లెక్కలు చాలు: 2017లో ప్రకటించిన మార్కాంషియా పాలిమార్ఫా జన్యుపటంలో ఆక్సిన్ గ్రాహకం ఒక్కటే, ఆక్సిన్ స్పందనను అణిచిపెట్టే ప్రోటీన్ ఒక్కటే. అరబిడాప్సిస్‌లో గ్రాహకాలు ఆరు, అణిచే ప్రోటీన్లు ఇరవై తొమ్మిది. సరంజామా అంతా తొలి మొక్కకే ఉంది, తర్వాతివాళ్ళు చేసింది ఎక్కువగా ప్రతులు తీయడమే.

జిబ్బరెల్లిన్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి, అది మన కంచంలోకి వచ్చింది గనక. జపాన్ రైతులకు వరిలో ఒక తెగులు తెలుసు. సోకిన మొక్క పక్కవాటికంటే విపరీతంగా పొడవు పెరిగి, పాలిపోయి, గింజ పట్టకుండా పడిపోతుంది. 1926లో తైవాన్‌లో పనిచేస్తున్న ఎయిచి కురొసావా, ఆ తెగులు తెచ్చే శిలీంధ్రం పెరిగిన ద్రవంలో శిలీంధ్రం లేకున్నా మొక్కను సాగదీసే పదార్థం ఉందని చూపించాడు. అదే జిబ్బరెల్లిన్. మొక్క, శిలీంధ్రం దాన్ని విడివిడిగా తయారు చేయడం నేర్చుకున్నాయి. దాన్ని వినే గ్రాహకం జీఐడీ1 కూడా పాత ఎంజైముల కుటుంబం నుంచే వచ్చింది, నాళాలున్న మొక్కల్లోనే ఉంది, మాస్‌లో లేదు. కానీ అది నడిపించే డెల్లా ప్రోటీన్లు మాస్‌లోనూ, లివర్‌వర్టుల్లోనూ ఉన్నాయి. డెల్లా పెరుగుదలకు పగ్గం. పగ్గం ముందు ఉంది, దాన్ని సడలించే చెయ్యి తర్వాత వచ్చింది.

ఆ పగ్గాన్ని బిగించి పట్టడమే హరిత విప్లవం. పొట్టి గోధుమల్లో డెల్లా ప్రోటీన్ మారిపోయి జిబ్బరెల్లిన్ మాట వినదు. పొట్టి వరిలో జిబ్బరెల్లిన్ తయారీయే తగ్గుతుంది. 1966లో విడుదలైన ఐఆర్8 ఈ రెండో రకం, ఎరువు ఎంత వేసినా పడిపోకుండా నిలబడింది. పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని వెంటనే అందుకుని, విత్తనం పెంచి, దేశమంతా పంచడానికి తోడ్పడ్డారు. మన పొలాల్లో ఆయన చేసిన పనికి వెనక నలభై కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ ఏర్పాటు ఉంది.

స్ట్రైగోలాక్టోన్ కథకు కూడా పొలంలో ఒక ముగింపు వచ్చింది. ఇథియోపియాలో పుట్టిన గెబిసా ఎజెటా, పటాన్‌చెరు కేంద్రంగా ఉన్న ఇక్రిశాట్ తరఫున సూడాన్‌లో పనిచేసి, తర్వాత అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో స్ట్రైగాను తట్టుకునే జొన్నల్ని తయారు చేశాడు. 2009లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆ జొన్నలు ఎందుకు తట్టుకుంటున్నాయో 2017లో స్పష్టమైంది. ఒక జన్యువు పనిచేయకపోవడం వల్ల వాటి వేళ్ళు ఒక రకం స్ట్రైగోలాక్టోన్‌కు బదులు ఒరోబాంకాల్ అనే మరో రకాన్ని వదులుతున్నాయి. స్ట్రైగా విత్తనం దానికి అంతగా లేవదు. మైకోరైజా శిలీంధ్రానికి మాత్రం ఒరోబాంకాల్ వినిపిస్తుంది. ఆఫ్రికాలో స్ట్రైగా ఎక్కువగా ఉన్న ప్రాంతాల నాటు జొన్నల్లోనే ఈ జన్యులోపం ఎక్కువగా కనిపిస్తుందని 2020లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అంటే ఈ ఉపాయం పుట్టింది ప్రయోగశాలలో కాదు, రైతులు తరతరాలుగా పెంచిన విత్తనాల్లో.

నా దృష్టిలో పంటల పెంపకందార్లకు ఇక్కడ దారి స్పష్టంగానే ఉంది: స్ట్రైగోలాక్టోన్‌ను మొక్క నుంచి పూర్తిగా తీసేస్తే శిలీంధ్రమూ రాదు, పిలకలకు అదుపూ ఉండదు. తీసేయడం కాదు, మార్చడం మేలు. మార్చినా జాగ్రత్త అవసరం. ఒరోబాంకాల్‌కు ఆ పేరు ఒరోబాంకి నుంచి వచ్చింది. మన పొగాకు, టమాటా చేలలో వేళ్ళను పట్టే మల్లె అదే. దాని విత్తనాల్ని నిద్రలేపే పదార్థంగానే ఒరోబాంకాల్‌ను మొదట కనిపెట్టారు.